పట్టేవారు, వాదించేవారు, తీర్పు చెప్పేవారు

పోయిన ఉగాదినాడు మన సంఘం భవనంలో పంచాంగ శ్రవణం ముగిసి, ఉగాది పచ్చడి పంచుతున్న సమయంలో ఒక యువదంపతులు నా పక్కన వచ్చి కూర్చున్నారు. అంతకు ఆరునెలల క్రితం ఆ అమ్మాయి మెడలోని గొలుసును మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు తెంచుకుపోయారు. వాళ్ళలో ఒకడు దొరికాడు. గొలుసూ దొరికింది. అయినా ఆ పిల్లవాడి ముఖంలో కోపం తగ్గలేదు.

"అన్నా, పట్టుకున్నారన్న సంబరం ఇరవై రోజులే. వాడు బెయిలు మీద వచ్చి మా వీధిలోనే తిరుగుతున్నాడు. గొలుసు ఇమ్మని స్టేషనుకు వెళ్తే కోర్టుకు పొమ్మన్నారు. కోర్టులో గుమాస్తా సర్కారీ వకీలును అడగమన్నాడు. ఆయనేమో పోలీసుల కాగితాలు ఇంకా తన బల్ల మీదికి రాలేదన్నాడు. అందరూ ఒకటే. కలిసి మనతో ఆడుకుంటున్నారు" అన్నాడు.

"ఒకటి కాదు తమ్ముడూ, ముగ్గురు. వాళ్ళు ముగ్గురుగా ఉండటమే మనకు మంచిది" అన్నాను. నా మాట అతనికి రుచించలేదు. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైన ముఖం పెట్టాడు.

ఆనాడు పదిమందిలో పూర్తిగా చెప్పలేకపోయిన సంగతి ఇక్కడ రాస్తున్నాను. నేను వకీలును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, రిటైర్మెంటుకు దగ్గరపడుతున్నవాణ్ణి. ఈ విషయం నాకు పుస్తకాలవల్ల తెలిసినదానికంటే, ఒకసారి బోనులో నిలబడటంవల్ల తెలిసింది ఎక్కువ.

1997 నాటి ఒక సంతకం

మహారాష్ట్రలోని మా మగ్గాల ఊళ్ళో 1997లో నేను ఒక శాఖలో పాసింగ్ ఆఫీసరుగా ఉండేవాణ్ణి. అంటే డబ్బు తీసుకొనే ఫారం మీద సంతకాన్ని మా దగ్గరున్న నమూనాతో సరిచూసి, చెల్లించవచ్చునని నా సంతకం పెట్టడం నా పని. మన పద్మశాలీ కుటుంబాలలోని పెద్దవాళ్ళు చాలామంది తెలుగులోనే సంతకం చేసేవారు. మరాఠీ సహోద్యోగులు అలాంటి ఫారాలన్నీ నా బల్లకే పంపేవారు.

నెల మొదటివారం. కౌంటరు ముందు జాతరలా జనం. ఆనాడు నేను పాస్ చేసిన ఒక ఫారం మీద 18,000 రూపాయలు చెల్లించారు. నెల తిరిగాక ఆ ఖాతాదారు, మగ్గం నేసే భర్తను పోగొట్టుకున్న ఒక అవ్వ, పాసుబుక్కు ఎక్కించుకోవడానికి వచ్చి ఘొల్లుమంది. ఫారం మీద ఉన్నది ఆమె సంతకం కాదు. తెలుగు సంతకం. దాన్ని తెలుగువాణ్ణైన నేనే సరిగా చూడలేదు.

దొంగ సంతకం మీద చెల్లించిన డబ్బు ఖాతాదారుకు చెల్లించినట్లు కాదన్నది బ్యాంకింగులో ఓనమాలు. కనుక అవ్వ డబ్బు అవ్వ ఖాతాలో తిరిగి పడింది. కాని దాంతో రెండు వ్యవహారాలు మొదలయ్యాయి. ఒకటి పోలీసు కేసు. రెండోది నా మీద శాఖాపరమైన విచారణ. ఆ సొమ్ము తీసుకున్నవాడు దొరికి, శిక్ష పడితే, "ఎవరినైనా మోసగించగల ఘరానా దొంగ" అని చెప్పుకొని నా తప్పు కొంత చిన్నది చేసుకోవచ్చునని నా ఆశ. ఈ ఆశ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాత పనికివస్తుంది.

పోలీసుల పని ఎంతవరకు?

నేరం జరిగిందన్న సమాచారం తీసుకోవడం, ఎఫ్.ఐ.ఆర్. రాయడం, ఆధారాలు సేకరించడం, అవసరమైతే అరెస్టు చేయడం, చివరికి తాము కనుగొన్నదేమిటో కోర్టుకు నివేదిక ఇవ్వడం — పోలీసుల పని ఇంతే. ఇది చిన్న పనేమీ కాదు. పునాది అంతా ఇదే. కాని నేరం రుజువైందా లేదా అన్న మాట మాత్రం వారిది కాదు.

1860 నాటి శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. భారతీయ న్యాయ సంహిత నేరాలను, శిక్షలను చెబుతుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కేసు నడిపే పద్ధతిని చెబుతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ సాక్ష్యం సంగతి చూస్తుంది. పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. కాని పని పంపకం పాతదే.

పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరమైతే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలని 2013 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కొన్ని రకాల ఫిర్యాదులలో మాత్రం ముందుగా స్వల్ప విచారణకు వీలుంది. కొత్త చట్టం ప్రకారం మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలలో పై అధికారి అనుమతితో 14 రోజులలో ఈ ప్రాథమిక విచారణ ముగించాలి. స్టేషనులో రాసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా పంపవచ్చు. అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. మా ఊరినుంచి హైదరాబాదు వెళ్ళే రైల్లో పెట్టె పోతే, "అది మా హద్దు కాదు" అన్న మాట ఇక చెల్లదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి.

ఇక్కడ బ్యాంకువాణ్ణిగా ఒక మాట. చెక్కు తిరిగి వచ్చిందని స్టేషనుకు పరుగెత్తేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. అది పోలీసులు పట్టే కేసు కాదు. చెక్కు తిరిగి వచ్చిన సమాచారం అందిన 30 రోజులలో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజులలో డబ్బు ఇవ్వకపోతే, ఆపైన ఒక నెలలో మనమే మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫోనులో మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

పోలీసుల అధికారానికి గడియారం కట్టి ఉంది. అరెస్టు చేసినవారిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణంలోని మాట. ఆ తరువాత ఒక్క రోజు ఉంచుకోవాలన్నా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మామూలు నేరాలలో పోలీసు కస్టడీ మొత్తం కలిపినా 15 రోజులు మించకూడదు. నిందితుడు జైల్లో ఉండగా నేరాన్నిబట్టి 60 లేదా 90 రోజులలో దర్యాప్తు ముగించకపోతే, బెయిలు అతని హక్కు అవుతుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. 1872 చట్టంలోని ఈ నియమాన్ని 2023 చట్టమూ అలాగే ఉంచింది. కొట్టి ఒప్పించినా, బుజ్జగించి ఒప్పించినా ఫలితం లేదన్నమాట.

నా కేసులో మగ్గాల కార్ఖానాలో పనిచేసే ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు. అవ్వ ఇంటి పక్కనే ఉండేవాడు. ఫౌజ్‌దారు నన్ను స్టేషనుకు పిలిపించి బెంచీమీద కూర్చున్న అతణ్ణి చూపించి, "వీడేనా?" అన్నాడు. "అలాగే ఉన్నాడు" అన్నాను. ఫౌజ్‌దారు మరాఠీలో నా వాంగ్మూలం రాసుకున్నాడు. నా సంతకం అడగలేదు. పోలీసులు రాసుకొనే వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతుందట. చదివి వినిపించమని నేనూ అడగలేదు. ఆ అడగకపోవడమే నా రెండో తప్పు.

కోర్టుకు వెళ్ళే నివేదిక

దర్యాప్తు ముగిశాక పోలీసులు రెండింటిలో ఒకటి చేస్తారు. ఆధారాలున్నాయనుకుంటే ఛార్జిషీటు వేస్తారు. లేవనుకుంటే కేసు మూసివేయమని నివేదిక ఇస్తారు. మహారాష్ట్రలో దీనికి ఎ, బి, సి సమ్మరీలని పేరు. కర్ణాటకలో బి రిపోర్టు అంటారు. "బి రిపోర్టు వేశారు, ఇంక అయిపోయింది" అనుకొని కూర్చునేవారు చాలామంది. అయిపోలేదు. అలాంటి నివేదిక వస్తే ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అతని మాట వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది.

మరి మేజిస్ట్రేటు పోలీసులను పిలిచి "ఛార్జిషీటు వేయండి" అని ఆజ్ఞాపించవచ్చునా? కూడదు. ఇది 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాట. ఏ అభిప్రాయానికి రావాలన్నది దర్యాప్తు అధికారి ఇష్టం. అలాగని మేజిస్ట్రేటు చేతులు కట్టేసినట్లూ కాదు. పోలీసుల అభిప్రాయాన్ని ఒప్పుకోకుండా కేసును తానే విచారణకు స్వీకరించవచ్చు. ఇంకా దర్యాప్తు చేయమనీ చెప్పవచ్చు. అంతకు ముందే 1944లో, లాహోరు నుంచి వెళ్ళిన ఒక కేసులో, లండనులోని ప్రీవీ కౌన్సిల్ కూడా దర్యాప్తు పోలీసుల రాజ్యమనీ, కేసు తన ముందుకు వచ్చాకే కోర్టు పని మొదలవుతుందనీ, ఒకరి పని ఒకరికి తోడే తప్ప అడ్డు కాదనీ తేల్చింది.

మా బ్యాంకులో కూడా ఇదే పద్ధతి. ఓచరు రాసినవాడు దాన్ని పాస్ చేయకూడదు. పాస్ చేసినవాడు నగదు ఇవ్వకూడదు. ఖజానాకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు చెవులు. ఏడాదికోసారి వచ్చే ఆడిటరు మాలో ఎవరికీ చుట్టం కాకూడదు. ఇందులో ఎవరిమీదా అనుమానం లేదు. మనిషికి తాను చేసిన పనిలోని తప్పు తనకు కనపడదన్న ఒక్క సంగతి మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది. దొంగను పట్టుకున్నానని నమ్మినవాడికి అతడు దొంగ కాకపోవచ్చునన్న ఆలోచన రాదు. అందుకే ఆ ఆలోచన చేయవలసిన మరొకరిని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

సర్కారీ వకీలు ఎవరి వకీలు?

మనవాళ్ళలో ఎక్కువ అపోహలు ఈ ఒక్కరి గురించే. ఫిర్యాదు చేసినవారు "మన వకీలు" అనుకుంటారు. పోలీసులు "మా వకీలు" అనుకుంటారు. రెండూ కాదు. ఆయన ప్రభుత్వం తరఫున, అంటే సమాజం తరఫున నిలబడతాడు. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు. ఉన్న సాక్ష్యాన్ని, నిందితుడికి అనుకూలంగా ఉన్నదైనా సరే, దాచకుండా కోర్టు ముందు పెట్టడం ఆయన ధర్మం.

మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు, సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉంటారు. 1898 నాటి పాత కోడ్ రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టుల్లో పోలీసు ఉద్యోగులే ప్రాసిక్యూటర్లుగా నిలబడేవారు. పట్టినవాడి మనిషే వాదించేవాడన్నమాట. ఇది తగదని లా కమిషన్ 1958లో తన 14వ నివేదికలో చెప్పింది. 1973 కోడ్ పోలీసులను ఆ పని నుంచి తప్పించింది. అయినా మహారాష్ట్రలో ప్రాసిక్యూటర్లు చాలాకాలం పోలీసు శాఖ అదుపులోనే ఉండేవారు. 1995లో సుప్రీంకోర్టు వారిని పోలీసు శాఖనుంచి పూర్తిగా వేరుచేసి ప్రత్యేక విభాగంగా ఏర్పాటు చేయమని మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2005 సవరణ ద్వారా రాష్ట్రాలలో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్లకు వీలు కలిగింది. కొత్త సంహితలోనూ అవి ఉన్నాయి.

దూరం రెండువైపులా ఉండాలి. పబ్లిక్ ప్రాసిక్యూటరు అభిప్రాయం తీసుకొని, ఆ ప్రకారం ఛార్జిషీటు మార్చి వేయమని తమిళనాడు కేసు ఒకదానిలో మద్రాసు హైకోర్టు పోలీసులను ఆదేశిస్తే, 2000లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అధికారి తనంత తాను సలహా అడగవచ్చు. కాని ప్రాసిక్యూటరు మాటకు కట్టుబడమని బలవంతపెట్టకూడదు. ఇక ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవాలనుకుంటే ఆ దరఖాస్తు వేయవలసింది ప్రాసిక్యూటరే. అదీ కోర్టు అనుమతిస్తేనే చెల్లుతుంది. కొత్త చట్టంలో అలా అనుమతించే ముందు బాధితుల మాట వినాలి.

బాధితులు సొంత వకీలును పెట్టుకోవచ్చునా? పెట్టుకోవచ్చు. కాని ఆయన ప్రాసిక్యూటరుకు సహాయపడవచ్చునే తప్ప బండి తోలేది ఆయన కాదు.

2001లో నాకు కోర్టు నుంచి సమను వచ్చింది. అప్పటికి నా శాఖాపరమైన విచారణ ఒక కొలిక్కి రాలేదు. ఆ ఉదయం సర్కారీ వకీలు నన్ను తన గదిలోకి పిలిచి నా పోలీసు వాంగ్మూలం చదివి వినిపించారు. "అతణ్ణి నేను నిశ్చయంగా గుర్తుపట్టాను" అని అందులో ఉంది. నేను "అలాగే ఉన్నాడు" అన్నానే కాని "నిశ్చయంగా" అనలేదు. ఆ సంగతే చెప్పాను. ఆయన నావైపు ఒక నిమిషం చూశారు. "లోపల నేను అడుగుతాను. చూసింది చెప్పండి. చూడనిది నాకోసం చెప్పకండి, మీకోసం అసలే చెప్పకండి" అన్నారు. నా విచారణ సంగతి ఆయనకు ఎలా తెలిసిందో!

బోనులో పది నిమిషాలు

అబద్ధమాడితే నాకు లాభం. "అతడే" అన్న ఒక్క మాటతో నా నెత్తిమీది బరువు సగం దిగుతుంది. పైగా అతడు కాకపోవచ్చునని నాకు తెలియదు. అయి ఉండవచ్చు కూడా. బోనులో నిలబడి ఆ కుర్రాడి ముఖం చూశాను. నాలుగేళ్ళలో మీసం వచ్చింది. వెనుక అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. ఇటుపక్క బెంచీమీద అవ్వ కూర్చుంది.

"డబ్బు తీసుకున్నది ఇతడేనా?" అని సర్కారీ వకీలు అడిగారు. "పోలికలు ఉన్నాయి. ఇతడేనని నిశ్చయంగా చెప్పలేను" అన్నాను. ఆయన కోర్టు అనుమతి తీసుకొని నా పాత వాంగ్మూలంలోని ఆ వాక్యం చూపి అడిగారు. ఆ మాట నేను అనలేదన్నాను. కోపం లేదు, బెదిరింపు లేదు. ఆయన పని ఆయన చేశారు.

తరువాత ముద్దాయి తరఫు వకీలు లేచారు. ఆనాడు ఎన్ని ఫారాలు పాస్ చేశారు? నూటయాభై పైచిలుకు. ఈ ముఖాన్ని ఎంతసేపు చూశారు? ఒక నిమిషం ఉంటుందేమో. ఆ తరువాత మళ్ళీ ఎక్కడ చూశారు? పోలీసు స్టేషనులో, బెంచీమీద. ఆ మూడో జవాబుతో కేసు సగం పోయింది. గుర్తింపు పరేడు జరపాలంటే సాక్షి అంతకు ముందు నిందితుణ్ణి చూసి ఉండకూడదు. పోలీసులు పక్కకు తప్పుకొని, మేజిస్ట్రేటు ఎదుట, అలాంటివాళ్ళే మరికొందరి మధ్య నిలబెట్టి గుర్తుపట్టమనాలి. ఫౌజ్‌దారు తొందర ఆ దారి మూసేసింది.

మిగతా సగం ఇతరుల చేతుల్లో పోయింది. పంచనామా మీద సంతకం చేసిన ఇద్దరిలో ఒకడు, తాను స్టేషనులోనే సంతకం పెట్టాననీ, ఏదీ స్వాధీనం చేసుకుంటుండగా చూడలేదనీ అన్నాడు. దొరికిన 2,000 రూపాయలు అవ్వవేనని చెప్పడానికి నోట్ల నంబర్లు లేవు. దస్తూరీ నిపుణుడి నివేదిక అటూ ఇటూ కాకుండా ఉంది. "సందేహం ప్రయోజనం ముద్దాయికి ఇస్తున్నాను" అని మేజిస్ట్రేటు విడుదల చేశారు.

న్యాయమూర్తి ఏం చూస్తారు?

న్యాయమూర్తి దొంగను వెదకరు. తన ముందు పెట్టిన సాక్ష్యం సహేతుకమైన సందేహానికి తావులేకుండా నేరాన్ని రుజువు చేసిందా అన్నది ఒక్కటే చూస్తారు. నిరూపించే భారం ప్రాసిక్యూషనుది. ముద్దాయి నోరు విప్పనక్కరలేదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. బెయిలు ఇవ్వడమంటే నిర్దోషి అనడం కాదు. విచారణకు తప్పక వస్తాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్ళీ నేరం చేస్తాడా అన్నవి చూసి ఇచ్చే తాత్కాలికమైన ఏర్పాటు మాత్రమే. సాక్షిని బెదిరిస్తే దాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

తమాషా ఏమిటంటే, అదే ఏడాది నా శాఖాపరమైన విచారణ ముగిసి నాకు శిక్ష పడింది. మందలింపు, ఒక ఇంక్రిమెంటు వాయిదా. సంతకం దొంగిలించినవాడు ఎవరో తేలలేదు కాని సరిచూడనివాడు దోషిగా తేలాడు! మొదట్లో ఇది అన్యాయమనిపించింది. తరువాత అర్థమైంది. శాఖాపరమైన విచారణలో మొగ్గు ఎటు ఎక్కువో చూస్తే చాలు. అక్కడ పోయేది జీతం. కోర్టులో పోయేది స్వేచ్ఛ. అందుకే కోర్టు తూకం వేరు.

ఆనాటి చట్టంలో ఆ తీర్పుమీద అవ్వ తనంత తాను అప్పీలు చేసే హక్కు లేదు. 2009 డిసెంబరు 31 నుంచి ముద్దాయిని విడుదల చేసినా, చిన్న నేరానికే శిక్ష వేసినా బాధితులు నేరుగా అప్పీలు చేయవచ్చు. కొత్త సంహితలోనూ ఆ హక్కు ఉంది.

మన భాష సంగతి

పరాయి రాష్ట్రంలో స్థిరపడిన మనం దీన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. కింది కోర్టుల భాష ఏదో నిర్ణయించేది ఆయా రాష్ట్ర ప్రభుత్వం. అంతమాత్రాన ఆ భాష రానివారు మూగవారు కానక్కరలేదు. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం నడిస్తే అతనికి తెలిసిన భాషలో వివరించాలి. సాక్షి తన భాషలో చెప్పవచ్చు. రాసుకున్నది అతనికి రాని భాషలో ఉంటే అతనికి తెలిసిన భాషలో వివరించి చెప్పాలి. అవ్వ తెలుగులోనే సాక్ష్యం చెప్పింది. "గది నా దస్కత్ కాదు" అన్న ఆమె మాటను తెలుగు వచ్చిన ఒక ఉద్యోగి మరాఠీలో చెప్పాడు. నాకు మరాఠీ వచ్చు గనుక, నా సాక్ష్యం చదివి వినిపించినప్పుడు "పోలికలు ఉన్నాయి" అన్నచోట "ఇతడే" అని పడినట్లు గమనించి చెప్పాను. న్యాయమూర్తి వెంటనే దిద్దించారు. వినకుండా తల ఊపి ఉంటే?

యానాంలోని మనవాళ్ళ సంగతి మరీ విచిత్రం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మాట తెలుగు. పోలీసు శాఖ పుదుచ్చేరిది, హైకోర్టు మద్రాసుది. స్టేషనులో పలికే భాష, హైకోర్టులో వినిపించే భాష వేరువేరు. కనుక మొదటి కాగితం మీద ఏం రాశారో చదివించుకోవడం అక్కడివారికి మరీ అవసరం.

వకీలును పెట్టుకొనే స్తోమతు లేకపోతే 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయం ఉంది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో పనిలేకుండా దీనికి అర్హులు. ఫోను నంబరు 15100.

అవ్వ అడిగిన మాట

తీర్పు వచ్చిన వారానికి అవ్వ మా ఇంటికి వచ్చింది. అరుగుమీద కూర్చొని మంచినీళ్ళు తాగి, "గా పోరన్ని నువ్వే ఇడిపించినవంట గదా బిడ్డా?" అంది.

"నేను విడిపించలేదవ్వా. వాడేనని గట్టిగా చెప్పలేకపోయిన" అన్నాను.

"వాడు కాదా మరి?"

"తెలియదు."

అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్తూ, "నాకు సుత తెల్వదు. వాని అమ్మ రోజు మా ఇంటి ముంగట్నించే నీళ్ళకు పోతది" అంది. ఆ మాటకు అర్థమేమిటో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆమె నన్ను క్షమించిందో లేదో కూడా తెలియదు. తరువాత చాలా ఏళ్ళు ఆమె పింఛను ఫారం నా బల్లకే వచ్చేది. నేను ఆ సంతకాన్ని ప్రతిసారీ రెండుసార్లు చూసేవాణ్ణి.

ఇక ఉగాదినాటి దంపతుల సంగతి. వాళ్ళు అడగవలసిన ముగ్గురినీ అడిగారు. కాని ఒకరిని అడగవలసింది మరొకరిని అడిగారు. స్వాధీనం చేసుకున్న గొలుసు మీద స్టేషనుకు అధికారం లేదు. అది కోర్టు అదుపులోని వస్తువు. నగలను ఏళ్ళ తరబడి స్టేషనులో ఉంచకుండా, ఫొటోలు, పంచనామా, పూచీకత్తు తీసుకొని సొంతదారుకు ఇవ్వాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దానికి మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలో బాధితులకు తెలియజేయవలసింది పోలీసులు. దానికి స్టేషనులో రాతపూర్వకంగా అడగాలి. ఛార్జిషీటు కోర్టుకు చేరాకే ప్రాసిక్యూటరుతో పని.

మూడు కాగితాలు నేనే రాసి ఇచ్చాను. రెండు నెలల్లో గొలుసు ఇంటికి చేరింది. దర్యాప్తు సంగతి తెలియజేస్తూ స్టేషను నుంచి జవాబూ వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. ఆ కుర్రాడు ఇంకా వాళ్ళ వీధిలోనే ఉన్నాడు.

మొన్న ఆ అమ్మాయి ఫోను చేసి, "సాక్ష్యం చెప్పాలంటే భయంగా ఉందన్నా. హెల్మెట్ పెట్టుకున్నాడు. ముఖం సగమే చూశాను. ఏం చెప్పను?" అంది.

"సగమే చూశానని చెప్పమ్మా. మిగతా సగం చూసుకోవడానికి అక్కడ వేరేవాళ్ళున్నారు" అన్నాను. ఆ రోజున సెలవు పెట్టి తోడుగా వెళ్తానని కూడా మాట ఇచ్చాను.